ఫిల్టర్‌ను పట్టేసిన దసరా బొట్టు

నవంబరు 12, బుధవారం

పొద్దున్నే చూస్తే బావ కెమెరాలో అంతా మసకే! లెన్సుకీ, దాని ముందు బిగించిన అద్దం ఫిల్టర్‌కీ మధ్య తేమ చేరింది. బావ ఫొటోలు తీయాల్సిన మొదటి పెళ్లి రేపే, సాలూరులో. ఎంత తిప్పినా ఫిల్టర్ ఊడలేదు. రబ్బరైతే పట్టు దొరుకుతుందని బావ తన కాలి హవాయి చెప్పు తీసి, కడిగి తుడిచి, ఫిల్టర్ అద్దానికి అదిమి తిప్పాడు.

“ఒరే, దసరాకి పూజ సేసిన కెమెరారా! సెప్పు పెట్టి తిప్పుతావేటి?” అత్త అరిచింది.

నిర్ఘాంతపోవడం అంటే ఏమిటో నాకు ఇవాళే తెలిసింది. ఫిల్టర్ ఊడి వచ్చింది. దాని మరచుట్ల నిండా గడ్డకట్టిన కుంకుమ!

“నీ బొట్టేనే అమ్మా, పట్టీసింది,” అన్నాడు బావ.

ఆ పొడి లెన్సు మీద రాలి ఉంటే? రేపు పొద్దున బావ బయల్దేరకముందే గాలి కొట్టే రబ్బరు బ్లోయర్‌తో లెన్సు మీద ఊది, అత్తనే నిలబెట్టి ఒక ఫొటో తీసి చూడాలి.