బంతిపూల కింద నూనె పైపు

వైశాలి నగర్, భిలాయి
12-10-1984

చిరంజీవి గోపాలానికి పెద్దప్ప తాయారమ్మ దీవెనలు. సింహాద్రి అప్పన్న దయవల్ల ఇక్కడ ఇంట్లో దీపం వెలుగుతోంది, అందరం రెండుపూటలా తింటున్నాం. విశాఖపట్నంలో నువ్వూ, మరదలు కమలాకుమారీ, పిల్లలూ నెమ్మదిగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు పంపిన రెంచి మిషను ఎలా ఉంది, అన్నయ్య చేతికి అలవాటైందా అని అడిగావు. దానికి జవాబుగా ఒక ఉదయం సంగతి రాస్తాను.

విశ్వకర్మ పూజ మర్నాడు. మామూలు పనిరోజే. తులసికి నీళ్ళు పోసి, మన రిపేరు షెడ్డులోకి టీ పట్టుకెళ్ళాను. మీ అన్నయ్య సత్యారావు అప్పటికే ఒక డంపరు వెనక చక్రం ముందు కూర్చున్నాడు. మెకానిక్కు బంగారయ్య నన్ను చూసి బీడీ ఆర్పేశాడు. ముందురోజు పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టాం. సత్యారావు ముచ్చటపడి మిషను నూనె పైపుకి ఆ చివరనుంచి ఈ చివరదాకా బంతిపూల దండ చుట్టాడు. పూజలో వేసిన దండ వాడిపోయేదాకా తియ్యం కదా, అదలాగే ఉంది.

నాకు ఆ మిషనంటే మొదటినుంచీ వింతే. ఇదివరకు పానాకి ఇనప గొట్టం తొడిగి ఇద్దరు వేలాడితేగాని కదలని తుప్పు నట్టు, దీనికి టకటకమని లొంగిపోతుంది. ఆ కిటుకేమిటో తెలుసుకుందామని స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఆ పైపులో ఏటుందిరా?" అనడిగాను సత్యారావుని.

"నూనె అప్పా. పంపు తోస్తాది. ఆ తోపుకి రెంచి లోపల సుత్తి తిరిగి కొడతాది. ఆ దెబ్బకే నట్టు కదుల్తాది."

"మీట వదిలేస్తే?"

"ఆగిపోద్ది. రెండు చేతుల్తోనూ పట్టుకోవాల. ఒంటి చేత్తో పడితే నట్టు బదులు మనల్నే తిప్పీగలదు."

"నట్టుకి తొడిగే మెరిసే సాకెట్లుండగా ఈ నల్లటి మందపుది ఎందుకూ?"

"అవి చేతి పానాలకప్పా. ఈ దెబ్బలకి పగిలి ముక్కలు కంట్లో పడతాయి."

"బిగించడం కూడా దీంతోనేనా?"

"ముందు చేత్తో మర ఎక్కించాల. తరవాత దీంతో కొంచెం కొంచెం. అదేపనిగా నొక్కితే బోల్టు తెగిపోద్ది."

బంగారయ్య నవ్వాడు. "తాయారమ్మగోరు పరీచ్చకి కూకుంటారేటండి? ఓ ఖాకీ చొక్కా కుట్టించీ బాబూ."

"కుట్టించండి. పసుపు మరకలు కనపడవు" అన్నాను.

పంపు మొదలుపెట్టారు. నట్టు ఎప్పటిలా లొంగలేదు. చూస్తుండగానే దండలో పూలు తడిసి నల్లబడ్డాయి. పైపు కారుతోందని తెలిసింది, ఎక్కడో తెలియలేదు. సత్యారావు పంపు ఆపకుండానే దండ కిందికి చెయ్యి దూర్చి తడిమాడు. ఉలిక్కిపడి తీసేశాడు. చూపుడువేలి మీద సూదిమొనంత చుక్క. నెత్తురు కూడా రాలేదు.

"దోమ కుట్టినట్టుంది కదేటి" అన్నాడు బంగారయ్య. డంపరు డ్రైవరు, "అరే దీదీ, కుఛ్ నహీ హువా" అని, ఏమీ కాలేదన్నట్టు చెయ్యి ఊపాడు. సీత ఇంట్లోంచి పసుపు తెచ్చి మొగుడి వేలికి అద్దింది. సత్యారావు మళ్ళీ రెంచి అందుకున్నాడు.

నాకు మాత్రం సందేహం తీరలేదు. "ఇనప నట్టునే కదిపే తోపు కదా. తోలుకి కన్నం పెట్టింది. కన్నం పెట్టిన నూనె ఎటు పోయింది, తమ్ముడూ?"

సత్యారావు వేలు నొక్కి చూసుకున్నాడు. "మొద్దుబారినట్టుందప్పా" అన్నాడు మెల్లగా.

బంగారయ్య స్కూటరు మీద వెంటనే పెద్దాసుపత్రికి పంపేశాను.

ఇంతకాలం నీకు రాయనిది ఇక్కడుంది, గోపాలం. అక్కడికి చేరేసరికే చెయ్యి వాచిపోయింది. డాక్టరు వేలిని అరచేతిదాకా కోసి లోపలి నూనె కడిగాడు. రేపు చూద్దాంలే అనుకుని ఉంటే చెయ్యే తియ్యాల్సి వచ్చేదట. తర్వాత చూపుడువేలు పై కణుపులు రెండూ నల్లబడ్డాయి. తీసేశారు. కిందటి కార్డులో అందరం బాగున్నామని రాయించింది సత్యారావే. "మిషను పంపింది ఆడు. తెలిస్తే కుమిలిపోతాడప్పా" అన్నాడు. నేనూ సరేనన్నాను.

నిన్న కట్టు విప్పారు. సాయంత్రం దీపం పెట్టాక అందరం కూర్చున్నాం. "ఆ మిషనుంటే నేనీ ఇంట్లో ఉండను" అంది సీత. దుర్గులో కొనేవాడున్నాడని బంగారయ్య చెప్పాడు. సీత అతనివైపు తిరిగింది. "పైపుతో సహా అమ్మీస్తారేటి? కొన్నోడిది మాత్రం చెయ్యి కాదేటి?" అంది. అమ్మకం మాట అక్కడే ఆగిపోయింది.

సత్యారావు కుడిచెయ్యి ఎత్తి వేళ్ళు మడిచి చూపించాడు. "నడిమి వేలు మీటకి అందుతాది. నా రెంచి నేనే పడతాను." సీత ఆ చేతికేసి చూసింది. కాదనలేదు.

అప్పుడు నేను, "పైపుని అలా తడిమి చూడ్డం నీకెవరు నేర్పారు?" అనడిగాను.

"నాన్నగోరే. రైలు బ్రేకుల గాలిపైపులు ఆరు అలగే సూసీవోరు కదా. మా ఇద్దరికీ ఆరే నేర్పారు. గోపాలం కూడా..." అని ఆగిపోయాడు. నువ్వూ ఓడల షెడ్డులో రోజూ ఇలాంటి పైపుల మధ్యే ఉంటావన్నది అందరికీ ఒక్కసారే తట్టింది.

నిర్ణయాలు ఇవీ. నూనె వెళ్ళేదీ, తిరిగొచ్చేదీ పాత పైపులు రెండూ ఎవరికీ పనికిరాకుండా ముక్కలుగా కోసెయ్యాలి, కొత్తవి కొన్నాకే మిషను నడపాలి. పైపుకి దండలు, గుడ్డలు ఏవీ చుట్టకూడదు. కారుతోందనిపిస్తే ముందు పంపు ఆపాలి, మీట నొక్కి లోపలి తోపు పోనివ్వాలి. కారే చోటు వెతకాలంటే చెయ్యి కాదు, అట్టముక్క పెట్టి అది తడిసే చోటు చూడాలి. ఆ మాట డాక్టరుదే. ఇలాంటి వేళ్ళు ఈ ఊళ్ళో ఆయన ఇంతకుముందూ చూశాడట.

చివరిది నీ గురించి. సత్యారావే తేల్చాడు: "ఆడు బాధపడతాడని దాసుకుంటే ఆడి చెయ్యి పోద్ది. ఉన్నదున్నట్టు రాసీ అప్పా. ఏడిస్తే ఏడుస్తాడు."

అందుకని రాశాను.

ఇట్లు,
నీ పెద్దప్ప
తాయారమ్మ