తుడిచేసిన పగులు

ఫిబ్రవరి 11
పెళ్ళి ఫోటోలు తీసుకునే నాకు పురావస్తు ఆఫీసు నుంచి పిలుపు! కొండ మీది కోటవి నలభై ఫోటోలు కావాలట. మరమ్మతు చేయాలా వద్దా అన్నది వాటిని చూసే తేలుస్తారట. వాళ్ళ ఫోటోగ్రాఫర్ల జాబితాలో నా పేరు ఎక్కించారు, ఫోటోలు నచ్చితే ఉంచుతారట. పెళ్ళిళ్ళు లేని నెలల్లో ఈగలు తోలుకునే బాధ తప్పుతుంది.

ఫిబ్రవరి 13, ఉదయం 7
మెట్లెక్కేసరికి ప్రాణం తోకకొచ్చింది. పైన ముళ్ళపొదలు, గబ్బిలాలు, సీసా పెంకులు. మనిషన్నవాడు కాపలాదారు ఒక్కడే. బాబాయ్ అని పిలిస్తే పొంగిపోయాడు. తిన్నగా ద్వారం దగ్గరికి తీసుకెళ్ళి కమాను పైన పగులు చూపించాడు. దాని కిందే తన గది అట. ఇరవై ఏళ్ళుగా అర్జీలు పెడుతున్నా పట్టించుకున్న నాథుడు లేడట, ఇదొక్కటీ బాగా పడాలమ్మాయ్ అన్నాడు. నాలుగు వైపుల నుంచీ తీశాను.

ఫిబ్రవరి 15
ఎడిటింగ్ అయింది. పంపేశాను. లైట్ అద్భుతంగా పడింది, నా పనికి నేనే మురిసిపోయాను.

మార్చి 9
బాబాయ్ ఫోన్. ఆఫీసు జవాబు చదివి వినిపించాడు. ఫోటోల్లో పగులేమీ కనిపించలేదు కాబట్టి మరమ్మతు అక్కర్లేదట. నువ్వు తీశావు కదమ్మాయ్ అన్నాడు. కోపంగా కాదు, అర్థంకాక.

కంప్యూటర్ తెరిచి చూశాను. పంపిన నాలుగు ఫోటోల్లోనూ కమాను నున్నగా ఉంది. నేనే తుడిచాను. పెళ్ళికూతురి చెంప మీద మచ్చ తుడిచినట్టు, అలవాటుగా చేయి అటు పోయింది. తుడిచినట్టు గుర్తు కూడా లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 10
అక్కతో చెప్పాను. పగులు ఈమధ్యే వచ్చిందని చెప్పి కొత్త ఫోటో పంపెయ్యవే, నీ పేరు పోదు, అంది. అక్క బుర్ర పాదరసం. కానీ అలా చెబితే బాబాయ్ ఇరవై ఏళ్ళ అర్జీలూ అబద్ధాలైపోతాయి.

మార్చి 11, మధ్యాహ్నం 12
ఆఫీసుకే వెళ్ళాను. ఆఫీసరు ముందు అసలు ఫోటో, నేను దిద్దిన ఫోటో పక్కపక్కన పెట్టి, ఇది గోడ, ఇది నా నిర్వాకం అని చెప్పాను. ఆయన రెంటినీ పోల్చి చూసి, ఈ మాటే రాసివ్వగలవా అని అడిగారు. రాసిచ్చాను.

మార్చి 19
ఇంజినీరు నిచ్చెనెక్కి పగుల్లో చేయి పెట్టాడు. మోచేతి దాకా పోయింది. బాబాయ్‌ని ఇవాళే గది ఖాళీ చేయమన్నాడు.

ఏప్రిల్ 2
ఆఫీసు ఉత్తరం. రెండే లైన్లు. మరమ్మతు మంజూరు. ఫోటోగ్రాఫర్ల జాబితా నుంచి నా పేరు తొలగింపు.
బాబాయ్‌కి ఫోన్ చేసి మొదటి లైను రెండుసార్లు చదివాను.