నదీం జబ్బకు కట్టిన ముడి

ముస్కాన్‌కు, అస్సలాము అలైకుం.

నదీం నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలో అందరి ముందూ నువ్వు, "నేనే ముడి వదులుగ కట్టిన, అందుకే నా మనిషి పోయిండు" అని ఏడ్చావు. వాడి అక్కను, పక్కనే ఉండి కూడా నేను నిజం చెప్పలేదు. వికారాబాద్ వచ్చి నీ ముఖం చూస్తూ చెప్పే ధైర్యం లేక ఇప్పుడు రాస్తున్నాను.

ప్రయాణానికి ముందు క్షేమంగా తిరిగి రావాలని నువ్వు నదీం జబ్బకు కట్టిన ఇమాం జామిన్ గుడ్డ వదులై జారిపోలేదు. నేనే విప్పాను. మా బిడ్డ ఐమన్‌ను తీసుకురావడానికి భట్కల్ పోతున్నాం కదా, కుమ్టా దాటాక ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, ఎడతెగని వాన. తడిసిన గుడ్డ వాడి చేతిని ఒరుస్తోంది.

"ఆపా, జర విప్పరాదు. ఆరినంక కడుదువు. ముస్కాన్‌కు చెప్పకు, అన్నం పెట్టది" అని నవ్వాడు.

కారులోని వేడిగాలికి అది ఆరింది. మళ్లీ కట్టబోతుంటే రోడ్డు మీద రాళ్లు కనిపించి కారు ఆపాడు. కట్టించుకుని దిగమన్నాను.

"నాపరాళ్ల తాండూరోళ్లకు రాళ్లంటే భయమా ఆపా? గిప్పుడే తీసేసి వస్త."

గట్టిగా పిలవలేకపోయాను. కొండ వాడి మీదికి జారినప్పుడు ఆ గుడ్డ నా పిడికిట్లో ఉంది.

కాపాడేది అల్లాహ్ అని నాకు తెలుసు. అయినా వాన మొదలైతే కారు తలుపు మూసిన చప్పుడు వినిపిస్తుంది. దువాకు చేతులు చాపితే కుడి పిడికిలి తెరుచుకోదు.

గుడ్డను ఇందులో పెట్టాను. నువ్వు ఎంత గట్టిగా కట్టావో దాని మడతలు చూస్తే తెలుస్తుంది. ఈ కాగితాలు నీ దగ్గరే దాచుకో. అమ్మీకి చూపించకు. ఆమెకు ఇక మిగిలింది నేనొక్కదాన్నే.

నీ ఆపా