కంఠతా వచ్చిన నంబరు

బరంపురం,
సోమవారం

ఫోనెత్తని శ్రీవారికి,

కోపంతోనే నమస్కారాలు. చీరల మూటలో ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకండి. ఫోను చేస్తే మీరు ఎత్తరు, అందుకని పొలసర బస్సుకు వెళ్లే మూటలో దీన్ని పెట్టి పంపుతున్నాను. మూట మీద చీటీ ఫాల్ కుట్టే గురువమ్మ చేత రాయించాను. మొగుడి పేరు పలికినా రాసినా అతని ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ పెట్టిన భయం నన్నింకా వదల్లేదు. నా ఫోనులో కూడా మీరు ‘కొట్టు’ అనే ఉన్నారు.

మీరు వెళ్లి ఇరవై రోజులైంది. ఇక్కడి గేట్ బజార్ కొట్టు మన పెద్దాడికి అప్పగించి పొలసరలో కొత్త కొట్టు తెరుస్తున్నానని మీరు నాకు చెప్పింది ముహూర్తం పెట్టించాక. ముందు నన్నొక్క మాట అడగలేదు. ఆ ఉక్రోషంలో "ఎల్లండి, నాకేటి" అన్నాను. అన్నాను, నిజమే. మర్నాటికే ఏడుపొచ్చి ఫోను చేశాను. ఎత్తలేదు. పొద్దున్న చేశాను, భోజనాల వేళ చేశాను, కొట్టు కట్టేసే వేళ చేశాను. అదే పెద్దాడు చేస్తే మొదటి రింగుకే ఎత్తి సరుకు గురించి గంటసేపు మాట్లాడుతున్నారు. నేను వంటింట్లో నిలబడి మీ గొంతు వింటున్నాను. కొడుకు ఫోను అడుక్కుని మొగుడితో మాట్లాడేంత దిగజారలేదు. ఒకసారి గురువమ్మ ఫోనుతో చేయించాను, అదీ ఎత్తలేదు. నేను పక్కనే ఉంటానని కనిపెట్టారు కాబోలు.

చెప్పకూడదనుకున్నాను గానీ చెబుతున్నాను. ముప్పై నాలుగేళ్లలో మీరు నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో" అన్నా పలికాను, "సూడు" అన్నా పలికాను. ఇప్పుడు ఆ ఇదిగో కూడా కరువైంది. శుక్రవారం ఇచ్ఛాపురంలో మా తమ్ముడింటికి వెళ్తున్నాను. మీరు రమ్మంటే తప్ప తిరిగి రాను.

ఇప్పటికింకా మీ ఇంటిదే,
కామాక్షి


పొలసర,
బుధవారం

ఇదిగో కామాక్షీ,

ముందు ఇచ్ఛాపురం ప్రయాణం ఆపు. తర్వాత ఎంతైనా తిట్టు.

నీ ఉత్తరం చదివి మండిపడ్డాను. నాకేటి అన్నదానివి నువ్వే ముందు చెయ్యాలని పంతం పట్టి, ఇరవై రోజులుగా నువ్వు ఒక్కసారీ ఫోను చేయలేదని నేనిక్కడ మొహం వేలాడేసుకుని కూర్చుంటే, నేరం నా మీదకే తోస్తున్నావనుకున్నాను. ఫోను పట్టుకెళ్లి సెల్ కొట్టు బాబూరావు ముందు పెట్టి, ఇంటి నుంచి ఫోను వచ్చిందో లేదో తేల్చమన్నాను. అతను ఏదో మూల నొక్కి, అడ్డుకున్న ఫోన్ల జాబితా తెరిచాడు. ఎన్నో నంబర్ల మధ్య ఒకటి మాత్రం నలభై ఒక్కసారి. చూడగానే పోల్చుకున్నాను.

జరిగిందేమిటంటే, కొట్టు తెరిచిన రోజే లోన్లు అమ్మేవాళ్ల ఫోన్లు బేరం మధ్యలో మోగి నా ప్రాణం తీశాయి. ఈ బాబూరావు చేతే, పేరు ఎక్కించని నంబరేదీ మోగకుండా చేయించాను. సూరత్ వ్యాపారుల పేర్లున్నాయి, లారీవాళ్లవి ఉన్నాయి, పెద్దాడిది ఉంది. నీదొక్కటే ఎక్కించలేదు. నీ నంబరు నాకు కంఠతా వచ్చు, ఇంక పేరుతో పనేమిటనుకున్నాను.

బాబూరావు నవ్వి, "ఇంట్లో మనిసిని బయటుంచి గడియెట్టీసినారు బావూ" అన్నాడు. ఆ గడియ తీయించేశాను. ఇకనుంచి లోన్లవాడు చేస్తే వాడి నంబరొక్కటే ఆపుకోవాలట. ఎవరైనా పలక్కపోతే మనిషిని తిట్టేముందు ఆ జాబితా చూసుకోవాలట. తర్వాత నీ నంబరు ఎక్కిస్తూ "పేరేటి?" అని అడిగాడు. కొట్టులో నలుగురున్నారు. అయినా చెప్పాను, గట్టిగానే.

వెంటనే నీకు చేస్తే నీ ఫోను కట్టేసి ఉంది. పెద్దాడికి చేసి అమ్మకివ్వమనడానికి నాకూ మొహం చెల్లలేదు. నిన్నడక్కుండా ఈ కొట్టు తెరవడం నా తప్పే. వచ్చి చూడు. నీకు నచ్చకపోతే మూసేద్దాం.

నీ
ధర్మలింగం


బరంపురం,
గురువారం

నా నంబరు కంఠతా వచ్చినవారికి,

మీ మీద కోపంతో కట్టేసిన ఫోను తెరిచానో లేదో మోగింది. గంటసేపు మాట్లాడుకున్నాం కదా, మళ్లీ ఉత్తరమెందుకంటారా? మీరు "కామాక్షీ" అన్నప్పుడు నాకు సిగ్గేసి మాట మార్చేశాను. ఇంకోసారి పిలవమని అడుగుదామనుకుని, అదీ అడగలేదు. వచ్చాక అడుగుతాను.

శుక్రవారం బస్సెక్కుతున్నాను. ఇచ్ఛాపురం బస్సు కాదు. కొట్టు నచ్చిందో లేదో చూశాకే చెబుతాను, ఇప్పుడే మురిసిపోకండి.

ఈ మూట నాకంటే ముందే చేరుతుంది. విప్పే ముందు చీటీ చూడండి, అది గురువమ్మ రాత కాదు. మా అమ్మ చెప్పిన ఆయుష్షు సంగతి బాగా ఆలోచించాను. నాతో మాటాపలుకూ లేకుండా నూరేళ్లు బతికి మాత్రం మీరేం చేస్తారు? అందుకని ధర్మలింగం అని రాశాను. అలవాటు లేక ఒక అక్షరం పక్కకి పోయింది గానీ, చదువుకోవడానికి వీలుగానే ఉంది.

మీ
కామాక్షి