గోడ బయటి నీడ

జూన్ 17, మంగళవారం

ఆరు కాకముందే కార్లన్నీ వెళ్ళిపోయాయి. దోహా ఆఫీసులకు కొన్ని, గ్యాసు కంపెనీలకు కొన్ని. మా ఆయనది ఆఖరిది. ఇక సాయంత్రం దాకా ఈ కాంపౌండులో ఏసీల హోరు తప్ప ఏమీ వినపడదు. అల్ వుకైర్‌కి వచ్చి నాలుగు నెలలు... చుట్టూ ఇంగ్లీషువాళ్ళ ఇళ్ళే. గుడ్ మార్నింగ్ చెబుతారు, చెబుతూనే నడిచి వెళ్ళిపోతారు. వీళ్ళ కుక్కలు కూడా మర్యాదగా మొరుగుతాయి. కుక్కర్ రెండో కూత వేస్తే నాకే సిగ్గేసి స్టవ్ తగ్గించేస్తాను.

మధ్యాహ్నం మాత్రం గోడ బయట మనుషుల అలికిడి. పక్కన కడుతున్న విల్లాల కూలీలు. ఎండాకాలం కదా, పదకొండున్నర నుంచి మూడు దాకా పని ఆపాలి. మా గోడ వెంట ఉన్న వేపచెట్ల కింద అట్టముక్కలు పరుచుకుని పడుకుంటారు. వాళ్ళలో గంగన్న ఒకడు. పెద్దమ్మ కొడుకు. నాకు సైకిల్ నేర్పినవాడు. గేటు దగ్గరికి వెళ్ళి చల్లటి నీళ్ళ సీసాలు ఇచ్చి వస్తాను. ఇంట్లోకి రమ్మని ఇంతవరకూ అనలేదు. సెక్యూరిటీవాడు పేరు రాసుకుంటాడు, ఎదురింటివాళ్ళు చూస్తారు... ఇవన్నీ సాకులే, నాకు తెలుసు.

జూన్ 19, గురువారం

ఎదురింటి మార్గరెట్ వచ్చింది. నిమ్మకాయ కేకు తెచ్చింది, తనే చేసిందట. ఈ నాలుగు నెలల్లో మా గడప దాటి లోపలికి వచ్చిన మొదటి మనిషి. పాలు వేరుగా, చక్కెర వేరుగా పెట్టి టీ ఇచ్చాను. చాలాసేపు కూర్చుంది. మా ఊరేదని అడిగింది, కరివేపాకు మొక్క వాసన చూసింది. నేను నోరు మూయకుండా మాట్లాడాను. మనుషుల కోసం ఇంత మొహం వాచిపోయానని అప్పుడే తెలిసింది.

వెళ్ళేముందు సంచిలోంచి కాగితం తీసింది. కాంపౌండ్ ఆఫీసుకు ఉత్తరం. గోడ బయట పడుకునే మగవాళ్ళ గురించి — ఫోన్లలో పాటలు, నవ్వులు, తోటపైపుతో స్నానాలు, ఆడవాళ్ళకు ఇబ్బంది. వాళ్ళను దయచేసి అనువైన మరో చోటికి మార్చమని. ఒక్క కఠినమైన మాట లేదు. నీకూ ఇబ్బందిగానే ఉంటుంది కదా, అంది. ఉంటుంది అన్నాను. పెన్ను కూడా తనే ఇచ్చింది.

జూన్ 20, శుక్రవారం

చదవకుండా పెట్టేశానని చెప్పుకుందామని చూశాను. అబద్ధం. రెండుసార్లు చదివాను. చదివే సంతకం పెట్టాను.

జూన్ 21, శనివారం

పొద్దున్నే కుక్కతో వెళ్తూ మార్గరెట్ మా ఇంటి ముందు ఆగింది. గుడ్ మార్నింగ్ చెప్పి వెళ్ళిపోలేదు, ఆగింది. కేకు ఎలా ఉందని అడిగింది. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషానికే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

జూన్ 25, బుధవారం

వేపచెట్ల చుట్టూ ఎర్ర ప్లాస్టిక్ రిబ్బన్ కట్టారు. సెక్యూరిటీవాడు యల్లా యల్లా అంటూ అందరినీ లేపాడు. అట్టముక్కలు చంకన పెట్టుకుని నడిచిపోయారు. నేను మేడ మీద పరదా వెనక నిలబడి ఉన్నాను. గంగన్న ఒకసారి మా ఇంటివైపు చూశాడు. నేను కనపడి ఉండను, ఈ అద్దాలు బయటికి నల్లగా ఉంటాయి.

సాయంత్రం తనే ఫోన్ చేశాడు. "గా తెల్లోల్ల కండ్లల్ల వడ్డట్టున్నం చెల్లె. నువ్వు ఇగ నీళ్ళియ్యనీకె గేటు కాడికి రాకు. నీకు మాటొస్తది."

నాకు మాట వస్తుందని అతనికి బెంగ.

జూన్ 26, గురువారం

ఆయనకు చెప్పాను. అన్నం తింటూ అంతా విన్నారు. నువ్వు పెట్టకపోయినా మిగతావాళ్ళు పెట్టేవాళ్ళే కదా అన్నారు. నిజమే. ఈ విల్లా కంపెనీ ఇచ్చింది, నలుగురితో తగవు మనకెందుకు అన్నారు. అదీ నిజమే. ఇంకొంచెం పప్పు వేయమన్నారు. వేశాను.

జూలై 2, బుధవారం

ఎక్కడ పడుకుంటున్నారో ఇవాళ తెలిసింది. కడుతున్న ఇళ్ళలో పడుకోనివ్వరట, అది కంపెనీ రూలు. రోడ్డు చివర ఆపి ఉంచిన క్యాంప్ బస్సులోనే... ఇంజన్ ఆపేస్తారు, ఏసీ ఉండదు. సీటు రేకుకు చెయ్యి తగిలితే కాలుతుందట. ఉత్తరంలో రాసిన అనువైన చోటు అదీ.

జూలై 7, సోమవారం

గంగన్న ఆ బస్సు దిగుతూ పడిపోయాడు. క్లినిక్‌కి తీసుకెళ్ళి సెలైన్ ఎక్కించి క్యాంప్‌కి పంపారు. తను చెప్పలేదు. అతని రూమ్మేట్ ఖాజా భాయ్, మా కరీంనగర్ ఆయనే, ఫోన్ చేసి చెప్పాడు. వెంటనే గంగన్నకు చేస్తే నవ్వాడు. "ఎండ జర తాకింది, గంతే. ఊర్ల మీ వదినెకు జెప్పకు."

చెప్పను అన్నాను. ఏమీ చెప్పకుండా ఉండడం నాకు బాగా అలవాటైంది.

జూలై 8, మంగళవారం

మార్గరెట్ ఇంటికి వెళ్ళాను, నా పేరు కొట్టేయమని అడగడానికి. బయల్దేరేముందు ఇంగ్లీషు వాక్యాలు కూర్చుకున్నాను. ఉత్తరం ఎప్పుడో ఆఫీసుకు ఇచ్చేసిందట. బస్సు సంగతి చెప్పాను. పాపం, ఆమెకు నిజంగా తెలియదు, మొహం చిన్నబోయింది. మంచి చోటు చూపించి ఉంటారనే అనుకున్నానంది. ఆమె చెడ్డదైతే నాకు కాస్త సులువుగా ఉండేది.

వాళ్ళలో ఒకరు మా అన్న అని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి... మీ బోగన్‌విలియాకు ఏం ఎరువు వేస్తారని అడిగాను. ఇంటికొచ్చి బాత్రూంలో ఏడ్చాను.

జూలై 9, బుధవారం

వదిన ఊరినుంచి ఫోన్ చేసింది. వానలు పడ్డాయి, నాట్లు మొదలయ్యాయి. మీ అన్న గొంతు నీరసంగా ఉంది, బాగున్నాడా అని అడిగింది. బాగున్నాడన్నాను. "దుబాయ్ల నువ్వు పక్కనే ఉన్నవ్, నాకు గదే ధైర్నం" అంది. ఊళ్ళోవాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే.

పక్కనే ఉన్నాను. గోడకు ఇవతల.

జూలై 10, గురువారం

గంగన్న ఫోన్. గొంతులో హుషారు. కాగితం మీద రాసి ఇస్తే కాంపౌండ్ ఆఫీసువాళ్ళు వింటారని ఫోర్‌మన్ చెప్పాడట. "నువ్వు ఇంగ్లిష్ల మంచిగ రాస్తవు గద. మూడు గంటలు నీడ ఇస్తె సాలని రాయి. పాటలు వెట్టం, సప్పుడు జెయ్యం, నీళ్ళ పైపు ముట్టుకోం అని గూడ రాయి."

ఇంకో మాట కూడా అన్నాడు. లోపలి ఇళ్ళనుంచి ఒక్కరైనా సంతకం పెడితే బలంగా ఉంటుందట. "ఎవల కాళ్ళు వట్టుకోవాల్నో అని మావోల్లు రంధి వెట్టుకున్నరు. మా చెల్లె ఉన్నది, మీకెందుకుర అని జెప్పిన."

జూలై 11, శుక్రవారం

రాశాను. నాలుగు కాగితాలు చింపి ఐదోది ఉంచాను. చూసుకుంటే మార్గరెట్ ఉత్తరంలోని మర్యాదలే ఇందులోనూ ఉన్నాయి. దయచేసి, వీలైతే, మీ సహకారానికి ముందుగానే... నాకు వేరే ఇంగ్లీషు రాదు. కింద కూలీల సంతకాలకు, వేలిముద్రలకు చోటు వదిలాను. అన్నిటికంటే పైన నా సంతకం, విల్లా నంబరుతో సహా. గంగన్న గేటు బయట నిలబడి కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. అప్పుడైనా చెప్పాల్సింది. ఎండలో నిలబెట్టి ఏం చెబుతానని... మళ్ళీ సాకు.

ఆ ఉత్తరమూ ఈ ఉత్తరమూ ఆ ఆఫీసులో ఒకే ఫైలులో ఉంటాయి.

జూలై 13, ఆదివారం

కాంపౌండ్ ఆఫీసునుంచి జవాబు లేదు. లేకపోతేనే మంచిదని ఒక్క క్షణం అనుకున్నాను. ఇదీ నా బుద్ధి.

జూలై 14, సోమవారం

పిలిచారు. రేపు పదకొండున్నరకు. గంగన్న, ఇంకో ఇద్దరు, వాళ్ళతో నేను. ఇళ్ళవాళ్ళు ఏమని రాశారో ఆ మొదటి ఉత్తరం కూడా ముందు పెడతారట, ఒక్కో మాటకు జవాబు చెప్పమని. గంగన్న అన్నాడు, "అండ్ల ఏమున్నదో మాకు తెలుగుల జెప్పు చెల్లె. ఎవలెవలు వెట్టిండ్రో పేర్లు గూడ సదువు. కొట్లాటకు గాదు. గా ఇండ్ల ముంగటికెళ్ళి పోకుంట ఉంటం, గంతే."

అన్నా, అన్నాను. ఏందే అన్నాడు. వెనక ఎవరో కేక వేస్తున్నారు, బస్సు కదులుతోంది. డ్యూటీకి టైమైంది, రేపు చెప్పుదువు అని పెట్టేశాడు.

మళ్ళీ చేయొచ్చు. సాయంత్రం క్యాంప్‌కి చేరాక ఎత్తుతాడు. ఎన్నిసార్లు చేసినా ఎత్తుతాడు.

పేర్లు పైనుంచి వరసగా చదవాలి. మొదటిది మార్గరెట్‌ది. నాది ఆరోది.