ఊడ్చే వంతు ఎవరిది

స్టుట్‌గార్ట్, 5 మే 2009

చరిత్ర నడకల కార్యాలయం వారికి నమస్కారాలు.

ప్రతి మంగళవారం పదకొండింటికి మీరు పాతికమందిని వెంటేసుకొచ్చి మా కిటికీ కింద నిలబెట్టి నాజీల కాలం గురించి, ఇక్కడుండిన యూదు కుటుంబాల గురించి చెబుతారు. చెప్పండి, మంచిదే. మా గుమ్మం ముందు లాండవర్ కుటుంబం పేర్లతో పాతిన మూడు ఇత్తడి బిళ్లలూ మంచివే. కానీ మీ వాళ్లు పోతూ పోతూ వాటిమీద గులకరాళ్లు పడేస్తున్నారు! మా మేడలో ఎవరి తలుపుకి బోర్డు వేలాడితే ఆ వారం మెట్లూ వాకిలీ వాళ్లే ఊడవాలి. ఈ వారం వంతు నాది కాదు. అయినా నేనే ఊడ్చాను.

పైగా లాండవర్లు మూడో అంతస్తులో ఉండేవారని చెప్పారు. తప్పు. రెండు.

ఇట్లు,
ఒటీలియె ఫ్రికర్

తా.క.: పోయినవారం మీలో ఎర్రటోపీ ఆయన నాకు చెయ్యూపాడు. నేనూ ఊపాను. ఇది ఫిర్యాదు కాదు.

8 మే

ఫ్రికర్ గారికి,

మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాము. ఇకపై మా బృందం మీ వీధికి రాదు.

ఇట్లు,
సెమ్యోన్ బ్రాగిన్‌స్కీ
(కార్యాలయమూ, గైడూ నేనే)

తా.క.: ఎర్రటోపీ ఆయన చెయ్యూపలేదు. కందిరీగను తోలుకున్నాడు.

12 మే

సెమ్యోన్ గారికి,

ఈరోజు కాఫీ పెట్టుకుని, కిటికీ తెరిచి, పన్నెండున్నర దాకా కూర్చున్నాను. మిమ్మల్ని రావద్దని ఎవరన్నారండీ? అంతస్తు సరిచేసుకోమన్నాను, రాళ్లు వేయొద్దన్నాను, అంతేగా! మా మేడలో వాళ్లంతా చెవుల్లో తీగలు పెట్టుకుని తలూపి వెళ్లిపోతారు. వారానికోసారి మీరొచ్చి లాండవర్ల పిల్ల గ్రేటె పేరు పైకి పలుకుతారు. మీరూ నేనూ కాక ఆ పేరు పలికే మనిషి ఇంకెవరూ లేరు. నాకది వినాలని ఉంటుంది.

ఇట్లు,
ఒ. ఫ్రికర్

తా.క.: కందిరీగ సంగతి మీరు నాకు చెప్పకుండా ఉండాల్సింది.

మరో తా.క.: మా పెరట్లో నాలుగు రకాల చెత్తడబ్బాలున్నాయి. మీ రాళ్లు ఏ డబ్బాలో వేయాలో నగరపాలక సంస్థకి ఫోన్ చేసినా తెలియలేదు.

15 మే

ఫ్రికర్ గారూ,

చెత్తడబ్బానా? యూదులం మేము సమాధి మీద పూలు పెట్టము, రాయి పెడతాము. వచ్చాము, మరిచిపోలేదు అని చెప్పడానికి. తొమ్మిదేళ్ల గ్రేటెకి సమాధి లేదు. అమ్మానాన్నలకీ లేదు. ఉన్నవల్లా ఆ మూడు బిళ్లలే. వాటిమీది రాళ్లను మీ వంతు కాని వారం కూడా పనిగట్టుకుని ఊడ్చారు! ఎందుకండీ అంత అక్కసు?

సెమ్యోన్ బ్రాగిన్‌స్కీ

తా.క.: మా కాగితాల్లో మూడో అంతస్తనే ఉంది. రెండని మీకెవరు చెప్పారు?

20 మే

నాయనా సెమ్యోన్,

ఎవరూ చెప్పలేదు. మా తలుపూ వాళ్ల తలుపూ ఎదురెదురు.

1941లో వాళ్లను తీసుకెళ్లిన పొద్దున బోర్డు వాళ్ల తలుపుకే ఉంది. గ్రేటె మెట్లమీద నిలబడి, "ఒటీ, ఈ వారం నాది నువ్వు ఊడ్చెయ్యవే, వచ్చాక నీది నేను ఊడుస్తా" అని అరిచింది. నేను తలుపు వెనకే ఉన్నాను. మా అమ్మ నా నోరు మూసింది. అమ్మ చెయ్యి తీసేశాక కూడా నేను పలకలేదు.

మేడలో ఎనిమిది వాటాలు. బోర్డు మాత్రం తొమ్మిది వారాలకి తిరుగుతుంది. ఆ వాటాలోకి తర్వాత వచ్చినవాళ్లది వేరే వారం, లాండవర్లది వేరు. ఆ తొమ్మిదో వంతు అరవై ఎనిమిదేళ్లుగా నేనే ఊడుస్తున్నాను. నీకు మొదటి ఉత్తరం రాసిన వారం అదే. ఊడవడం తెలుసు గానీ, రాళ్ల సంగతి నాకు తెలియదు నాయనా.

ఏ డబ్బాలోనూ వేయలేదు. అన్నీ జామ్ సీసాల్లో ఉన్నాయి, పదకొండు సీసాలు. కడిగాను. వచ్చే మంగళవారం వాటితో కిందకి దిగుతాను. ఇరుగుపొరుగు ఎవరూ పలకలేదని నువ్వు చెప్పేచోట, ఆ పొరుగుదాన్ని నేనేనని నన్ను చూపించు.

ఇట్లు,
ఒటీ

తా.క.: నాకు డెబ్బై ఏడు, మోకాళ్లు మాట వినడం లేదు. జూలైలో మళ్లీ గ్రేటె వంతు వస్తుంది. నీకు ఊడవడం వచ్చా?