ఎనిమిది నెలలుగా ఒకే బూటు

లైసెన్సుల అధికారి గారికి,
విహార వీధి నిర్వహణ కార్యాలయం.

అయ్యా,

విషయం: మా నాన్నగారు చెప్పులు నిజంగా కుట్టినందుకు జారీ అయిన నోటీసు రద్దు చేసి, ఇకముందు కూడా నిజంగానే కుట్టుకోనివ్వవలసిందిగా కోరుతూ.

పదిహేడో నంబరు దుకాణదారు కూతురు తమకు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. పక్కన వినోద పార్కూ, దాని రిసార్టూ రాకముందు నుంచే, అనగా ఇరవై రెండేళ్లుగా, సదరు వీధిలో మా నాన్నగారు చెప్పులు, బూట్లు బాగుచేస్తున్నారు. పార్కుకి వచ్చేవాళ్లు తిని, కొని, తిరగడానికి ఈ వీధిని విహార వీధిగా మార్చినప్పుడు అందరినీ ఖాళీ చేయించి మా కొట్టు ఒక్కటీ ఉంచారు. "దీంట్లో పాతకాలపు శోభ ఉంది" అన్నారు తమ కార్యాలయం వారు. ఆ మాటకి మా అమ్మ ఉబ్బితబ్బిబ్బై కొట్టు గుమ్మం రెండుసార్లు కడిగింది.

2. ఒప్పందం పద్నాలుగు పేజీలు. "చదువుకున్నదానివి, ఒక్కో ముక్కా చదివి చెప్పమ్మా" అన్నారు నాన్నగారు. డిగ్రీ పట్టా ఉన్న నేను నాలుగో పేజీ దాకా చదివి, ఆవలించి, "అంతా బాగానే ఉంది, సంతకం పెట్టేయ్ నాన్నా" అన్నాను. మాది 'అలంకార దుకాణం' అనీ, అక్కడి పని ప్రదర్శనకే తప్ప ఎవరి వస్తువునూ బాగుచేయరాదనీ పదకొండో పేజీలో ఉంది. తప్పు పూర్తిగా నాది. నోటీసు మాత్రం ఆయన పేరు మీద వచ్చింది.

3. నిబంధనల ప్రకారం రోజూ సాయంత్రం నాలుగింటికి ఆయన తోలు ఏప్రాన్ కట్టుకుని, ఈక ఉన్న టోపీ పెట్టుకుని, మీసం అంటించుకోవాలి. ఆయనకి సొంత మీసం ఉంది. దాని మీదే అంటించాలి. ఒక పెద్ద ఎర్ర బూటు, చప్పుడు చెయ్యని రబ్బరు సుత్తి ఇచ్చారు. చప్పుడు పూలకుండీలో దాచిన స్పీకరు నుంచి వస్తుంది. దానికి తాళం తప్పకుండా ఆయన కొట్టాలి. ఎనిమిది నెలలుగా అదే బూటు. దానికి ఏ రోగమూ లేదు. "ఆరోగ్యంగా ఉన్నవాడికి రోజూ ఇంజెక్షన్ పొడిచినట్టుందే" అంటారు నాన్నగారు.

4. అందం కోసం వీధంతా గుండ్రాళ్లు పరిచారు. పొద్దుటి నుంచి పార్కులో తిరిగి కాళ్లీడ్చుకుంటూ భోజనానికి వచ్చే జనం చెప్పుల మడమలు ఆ రాళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి. ఊడిన అట్ట చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ, బూటు బొమ్మ ఉన్న మా బోర్డు కిందకే వస్తారు. అప్పుడు ఆయన నవ్వి, చెయ్యి ఊపాలి. నిబంధన.

"బాబాయ్, రెండు కుట్లు వెయ్యి. పిల్లలు ఫౌంటెన్ దగ్గర ఎదురుచూస్తున్నారు" అందొకావిడ.

చెయ్యి ఊపారు.

"వినపడదా?"

మళ్లీ ఊపారు.

"పని రానివాడికి ఈ వేషమొకటి!" అనేసి, చెప్పు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ పూట ఆయన భోజనం ముట్టలేదు. "ఏళ్ల తరబడి కుట్టిన చెయ్యి ఇది, పని రాదందే" అని అమ్మతో అంటుంటే గోడ అవతలి నుంచి విన్నాను. పదకొండో పేజీ తీసి అప్పుడే చదివాను.

5. మర్నాటి నుంచి ఆయన పైన రబ్బరు సుత్తి కొడుతూ, బల్ల కింద అసలు సూది పట్టారు. మెడలో ఈల వేసుకు తిరిగే సూపర్‌వైజరు గారు (మేము ఈలాయన అంటాం) చూసి, ఫోటో తీసి, నోటీసు ఇప్పించారు: 'అనుమతి లేని వాస్తవ మరమ్మతు, ముప్పై ఒక్క పర్యాయములు.' సోమవారం విచారణ. నేరం రుజువైతే కొట్టు తీసుకుని, ఆయన చోట కరెంటుతో కదిలే బొమ్మను పెడతారట. ముప్పై ఒకటి కాదు, నలభై ఆరు అంటున్నారు నాన్నగారు. ఆయన అబద్ధమాడరు. విచారణలోనూ అదే చెప్తారు. నా భయం అదే.

6. దుకాణం రకం మార్పించుకుందామని ఫారం కోసం మీ కార్యాలయానికి వచ్చాను. ఫారంలో నాలుగే గడులు: భోజనం, దుస్తులు, బొమ్మలు, అలంకారం.

"మరమ్మతు ఏదండీ?" అన్నాను.

"లేని గడిలో టిక్కు ఎలా పెట్టమంటావమ్మా?" అన్నారు గుమస్తా గారు.

"ఒక గడి గీయండి."

"గీసే అధికారం నాకు లేదు."

నా సంచిలో స్కేలు ఉంది. చూపించాను. ఆయన టీకి లేచారు. ఆ అధికారం తమరొక్కరికే ఉందని తర్వాత తెలిసింది.

7. ఇది అభ్యర్థన కాదు, కడుపుమంట. ఊరంతటి వీధిలో రాళ్లు నిజమైనవి, తెగే చెప్పులు నిజమైనవి, కుంటే మనుషులు నిజమైనవాళ్లు. బాగుచేసేవాడు ఒక్కడే బొమ్మై ఉండాలంటే ఎలాగండీ?

కావున తమరు దయతో ఐదో గడి ఒకటి గీసి, అందులో 'మరమ్మతు' అని రాసి, మా నాన్నగారి సూది ఆయనకు ఇప్పించవలెనని ప్రార్థన. బల్ల మీదున్న మిగతా కాగితాల కంటే ముందు దీన్ని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
పదకొండో పేజీ చదవని కూతురు.

తా.క.: నోటీసుకు జతచేసిన ఫోటోలో ఒక పెద్దమనిషి దీపస్తంభం పట్టుకుని, అటు తిరిగి, ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. ఆయన నల్ల బూటు నాన్న ఒళ్లో ఉంది. ఆ రోజు నల్లదారం అయిపోతే గోధుమరంగు దారంతో కుట్టాడు. ఈ అర్జీ ఎలా పెట్టుకోవాలో అడగడానికి మొన్న గురువారం తమ గదికి వచ్చి తల వంచుకుని నిలబడినప్పుడు, బల్ల కింద తమ ఎడమ బూటుకి గోధుమరంగు కుట్లు కనిపించాయి. ఏడు.

ఈ సంగతి రాస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "కుట్టేవాడు కాలు చూడాలి గానీ ముఖం చూడకూడదు. రాయకు" అన్నాడు. మళ్లీ తనే, "కుట్టు నిలిచిందా?" అని అడిగాడు. నిలిచిందన్నాను. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి, అంటించుడు మీసం పీకేసి నవ్వాడు. సోమవారం నల్లదారం తెస్తాడట. బూటు విప్పి ఉంచండి.